ఉప్పు కలిపిన ఐసు

డాక్టరుగారు నా రిపోర్టులు నా ముందే తెరిచి, నా జబ్బు సంగతి మా అన్నయ్యకి చెప్పారు. నేను ఎదురు కుర్చీలో ఉన్నాను. మా ఆయన నా పక్కన కూర్చున్నారు. అన్నయ్య మా వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరుగారు మెడ పైకెత్తి నా తల మీదుగా చూస్తూ మాట్లాడారు. ఆపరేషన్ చేసి తీసేశాం అనుకున్న రొమ్ము క్యాన్సరు ఇప్పుడు కాలేయంలో కనిపించిందట. పూర్తిగా పోగొట్టడం కుదరదట. పెరగకుండా ఆపుకుంటూ రావాలట.

"ఇదంతా తనకి తెలియాలంటారా అండీ?" అని అడిగాడు అన్నయ్య.

"నేనిక్కడే ఉన్నాను" అన్నాను.

"నువ్వు కంగారుపడకమ్మా" అన్నాడు. కంగారుపడింది తను. నాకొచ్చింది కోపం.

అది రాజమండ్రిలో ఒక పెద్దాసుపత్రి. మాది కడియం. మొక్కల నర్సరీ. లారీల్లోకి మొక్కలెక్కించే కూలీలతో అరిచి అరిచి నా గొంతు ఎప్పుడో మొరటుదైపోయింది. అన్నయ్యది భీమవరం దగ్గర. రొయ్యల చెరువులు, రొయ్యలు కొని ఐసు వేసి లోడు పంపించే వ్యాపారం. మా నాన్న పోయాక మా పుట్టింట్లో ఆఖరి మాట తనదే. పెళ్ళై ఇన్నేళ్ళయినా నా విషయంలో కూడా ఆఖరి మాట తనదేనని తన నమ్మకం. మా ఆయన నెమ్మదస్తులు. మొక్కకి నీళ్ళు పోయడం ఎంత బాగా వచ్చో, మనిషికి ఎదురు చెప్పడం అంత రాదు. మా అబ్బాయి మేనమామ గీసిన గీత దాటడు.

డాక్టరుగారు రెండు దారులు చెప్పారు. మొదటిది, నాకున్న రకం క్యాన్సరుకి బజారులో ఒక ఇంజక్షన్ ఉంది. ప్రభుత్వ కార్డులో అది రాదు, మా ఇన్సూరెన్సులోనూ రాదు. మేమే కొనుక్కోవాలి. దాంతో కొన్నాళ్ళు జబ్బు ఆగొచ్చు, ఎన్నాళ్ళో చెప్పలేరు. రెండోది ఆ ఆసుపత్రిలోనే నడుస్తున్న ట్రయల్. చేరినవాళ్ళలో సగం మందికి మామూలుగా ఇచ్చే పాత మందు, మిగతా సగానికి పాత మందుతో పాటు ఇంకా అమ్మకానికి రాని కొత్త మందు. ఎవరికి ఏది అన్నది కంప్యూటరు తేలుస్తుంది. డాక్టరు చేతిలో కూడా ఉండదు. ట్రయల్ ఖర్చు కంపెనీది.

"ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి" అన్నారు, అన్నయ్యతోనే. "ఆ కొనుక్కునే ఇంజక్షన్ ఒక్కసారి ఎక్కించినా ఇక ట్రయల్‌లో చేర్చుకోరు. ఏదో ఒకటి తేల్చుకోవాలి. ట్రయల్ గడువు కూడా ఎంతో లేదు."

అన్నయ్య ఆసుపత్రి మెట్ల మీదే తేల్చేశాడు. "ఇంజక్షనే. దాని సంగతి నేను చూసుకుంటాను. మనింటి ఆడపిల్లని ఎలుకని చేసి ప్రయోగాలు చేయించుకోవాల్సిన ఖర్మ మనకి పట్టలేదు."

"నీ చెరువుల్లో కొత్త మేత వస్తే ఏం చేస్తావు?" అన్నాను. "ఒక చెరువుకి వేసి, పక్క చెరువుకి పాత మేతే వేసి, రెండూ చూస్తావు కదా."

"రొయ్యలూ నువ్వూ ఒకటేనేంటి?"

"కాదు. రొయ్యలు నిన్ను తిరిగి అడగలేవు."

మా ఆయన కారు తలుపు తీసి పట్టుకుని, నేలకేసి చూస్తూ నిలబడ్డారు.

నాకు ట్రయల్ మీద మమకారమేమీ లేదు. కంపెనీవాళ్ళు నా మీద ప్రేమతో మందు ఇవ్వడం లేదని నాకూ తెలుసు. కానీ మా నర్సరీలో కొత్త మందు వచ్చినప్పుడల్లా ఒక వరస మందార మొక్కల కవర్లకి అది పోసి, పక్క వరసకి పాతదే పోస్తాం. అలా పోయకపోతే కొత్తదాంట్లో పస ఉందో లేదో ఎవడి తాత చెప్పాలి? ఆ లెక్కన ట్రయల్ సంగతి నాకు ఆ గదిలోనే అర్థమైపోయింది. రెండు వరసల్లో ఏ వరసలో పడ్డా నీళ్ళు మాత్రం మానరు, పైగా రోజూ ఒకరొచ్చి చూస్తారు. అది నాకు నచ్చింది. ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు. అన్నయ్య డబ్బుతో బతికితే మా వదిన ముందు నేను జీవితాంతం మెడ వంచుకుని తిరగాలి. ఆ జీవితాంతం ఎంతైనా కానీయండి.

ఆ వారం మా ఇల్లు తిరనాళ్ళయింది. చుట్టాలందరికీ ఒకటే బాధ. ట్రయల్‌లో చేరితే "పాపం, వాళ్ళకి వైద్యం చేయించుకునే స్తోమత లేదంట" అని ఊరు అనుకుంటుంది. నా కాలేయం సంగతి తర్వాత, ముందు ఇంటి పరువు. భీమవరం నుంచి వచ్చిన మా వదిన సోఫాలో కూర్చుని, "మా ఆయన ఉండగా నువ్వు ఊరికే ఇచ్చే మందుకి వెళితే మాకు తలకొట్టేసినట్టు ఉంటుంది" అంది. బొప్పాయాకు రసం పట్టుకొచ్చిన ఒకావిడ, గోమూత్రం తాగమన్న ఇంకొకావిడ, వీళ్ళు కూడా నన్ను చూసి ట్రయల్ ప్రమాదం అని చెప్పారు. ఏది కలిపి చేశారో వాళ్ళకే తెలియని కషాయం తాగొచ్చట, కాగితాల మీద రాసి ఇచ్చే మందు మాత్రం ప్రమాదమట. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేను మొహం మీదే అన్నాను. జబ్బు నాకు నోటి దురుసుతనం తెచ్చిందని వెళ్ళేటప్పుడు అనుకున్నారు. అది జబ్బుకి ముందే ఉంది.

ట్రయల్‌కి పనికొస్తానో లేదో చూడటానికి పరీక్షలు చేయాలన్నారు. మా అన్నయ్యకి చెప్పకుండా మా ఆయన్ని తీసుకుని వెళ్ళాను. రక్తం తీసే గది ముందు బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. నా వయసే. ద్రాక్షారామం అవతల ఏదో పల్లె అంది. కౌలు వ్యవసాయం. నా చేతిలో ట్రయల్ కాగితాలు చూసి గుర్తుపట్టింది.

"చేరతన్నారా అండీ?"

"ఇంకా తేల్చుకోలేదండి. ఇంట్లో వాళ్ళు వద్దంటున్నారు."

"ఎందుకంట?"

"ప్రయోగం అంటున్నారు. పరువు అంటున్నారు."

ఆవిడ నవ్వలేదు. "నేను చేరతానని కాళ్ళావేళ్ళా పడ్డానండి. గుండె పరీచ్చలో ఏదో తేడా వచ్చిందంట, పనికిరానన్నారు. ఆ కొనుక్కునే మందు మా వల్ల కాదు. కార్డులో వచ్చే మందే ఎక్కించుకుంటన్నాను. మీకు రెండు దార్లు తెరిచిపెట్టి ఉంటే గుమ్మంలో కూచుని ఆలోచిత్తన్నారు."

"మా ఇంటి సంగతి మీకేం తెలుసండీ?" అన్నాను. గొంతు లేచింది.

"తెలీదండి. నలుగురు కూచుని కాదనుకునేంత ఉన్నోళ్ళని మాత్రం తెలుత్తంది."

నేను ఇంకో మాట అనేవరకూ ఆగకుండా, తన పేరు పిలిస్తే లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, అదే నాకు పట్టుకుంది. దారి పొడుగునా ఆవిడని మనసులో తిట్టుకున్నాను. ఆవిడ మీద నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ ఇల్లు చేరేసరికి నేను ట్రయల్‌లో చేరుతున్నానని తేలిపోయింది. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి, మా అబ్బాయికి చెప్పాను. ఇద్దరూ తల ఊపారు. ఆ తల ఊపడం ఒప్పుకోవడమే అనుకోవడం నా తెలివితక్కువతనం.

పరీక్షలన్నీ సరిపోయాయని, వచ్చి సంతకం పెట్టమని ట్రయల్ చూసే అమ్మాయి ఫోన్ చేసింది. ఆ రోజు పొద్దున్నే మా ఆయన నాకన్నా ముందు తయారై కూర్చున్నారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఆసుపత్రికి వెళ్ళాక ట్రయల్ గది వైపు కాకుండా మందు ఎక్కించే వార్డు వైపు నడిపించారు. "ముందు ఇక్కడ చూపించుకోమన్నారు" అన్నారు. నర్సు నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, చేతికి సూది పెట్టి, ప్లాస్టరు వేసింది. దేనికని అడిగితే, "మీ ఇంజక్షన్ వస్తోంది కదండీ" అంది.

అంతలోకి అన్నయ్య వచ్చాడు. చంకలో తెల్లటి థర్మాకోల్ పెట్టె. దానికి చుట్టూ గోధుమరంగు టేపు. మూత మీద మార్కర్‌తో రాసిన పాత లోడు నంబరు ఇంకా ఉంది. పెట్టె రొయ్యల వాసన కొడుతోంది. చొక్కా నలిగి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హైదరాబాద్‌లో తెలిసిన టోకు వ్యాపారి దగ్గర ఇంజక్షన్ కొని, కారులో తనే స్వయంగా తెచ్చాడట. నేను ఒప్పుకున్నానని డాక్టరుగారికి తనే చెప్పాడట.

"ఇది ఎక్కిందంటే నా ట్రయల్ పోతుంది" అన్నాను.

"పోనీ. అదే కదా నాకు కావాల్సింది. పీడా విరగడైపోతుంది. తర్వాత నన్ను ఎన్ని తిట్టినా పడతాను."

"నన్ను అడిగావా?"

"అడిగితే నువ్వు వద్దంటావు."

అంత సూటిగా చెప్పాడు. నేను మా ఆయన వైపు తిరిగాను. "మీకు తెలుసా?"

"బావగారు చెప్పొద్దన్నారు" అన్నారు మెల్లగా.

"మీరు నాకు మొగుడా, ఆయనకి బావా? ఏదో ఒకటి తేల్చుకోండి."

పక్క కుర్చీల్లో మందు ఎక్కించుకుంటున్నవాళ్ళు మా వైపు తిరిగారు. నేను చేతికున్న ప్లాస్టరు పీకబోతుంటే నర్సు పట్టుకుంది. "రక్తం వస్తుందండీ, ఆగండి, నేను తీస్తాను" అంటూనే అన్నయ్య చేతిలో పెట్టె అందుకుంది. టేపు కోసి మూత తీసింది. లోపల అంచుదాకా చితక్కొట్టిన ఐసు కూరి ఉంది. ఐసు మధ్యలో ఇంజక్షన్ అట్టపెట్టెలు. అవి తడిసి ముద్దైపోయాయి. నర్సు ఒక సీసా బయటికి తీసి, ఊపి చూసింది. లోపల మందు కదల్లేదు. రెండోదీ అంతే. రాయిలా గడ్డకట్టుకుపోయింది.

"ఇదేంటండీ?" అంది నర్సు.

"వాళ్ళు చిన్న సంచిలో రెండు జెల్ ప్యాకెట్లు పడేసి ఇచ్చారండి" అన్నాడు అన్నయ్య. "ఈ రోహిణి ఎండల్లో అవి సూర్యాపేట దాకా కూడా ఆగవు. అందుకే నా పెట్టె నేను తీసుకెళ్ళాను. ఐసులో ఉప్పు కూడా కలిపాను, ఇంకా చల్లగా ఉంటుందని. ఇన్నేళ్ళ వ్యాపారంలో నా లోడు ఒక్కటీ వాసన రాలేదండి."

నర్సు మందుల గదిలో వాళ్ళని పిలిచింది. వచ్చినాయన సీసా మీద రాసింది చదివి తల అడ్డంగా ఊపాడు. ఫ్రిజ్‌లో చల్లగా ఉంచాల్సిన మందే కానీ గడ్డకట్టకూడదట. ఒకసారి గడ్డకడితే కరిగించినా పనికిరాదట. ఎక్కించనన్నాడు. అన్నయ్య కంపెనీకి ఫోన్ చేయమన్నాడు, పెద్ద డాక్టరుగారిని పిలవమన్నాడు, కరిగాక చూడండి అన్నాడు. అందరూ కుదరదనే అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. అంతమంది ముందు పకపకా నవ్వాను. ఉప్పు కలిపిన ఐసులో నన్ను పెట్టి ఎగుమతి చేద్దామనుకున్నాడు మా అన్నయ్య. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి, అవి సంతోషంతో వచ్చినవే. అన్నయ్య స్టూలు మీద కూలబడి చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. తన భుజాలు కదిలాయి. చిన్నప్పుడు నాన్న కొట్టినప్పుడు కూడా అన్నయ్య ఏడవగా నేను చూడలేదు. అయినా నాకు జాలి వేయలేదు. అంత దూరం నాకోసం మందు మోసుకొచ్చినవాడికి, ఇంటి నుంచి ఒక ఫోన్ చేసి నన్ను అడగడానికి నోరు రాలేదు. అంత ప్రేమ చూస్తే నాకు భయం వేసింది.

"మళ్ళీ తెస్తాను" అన్నాడు తల ఎత్తకుండానే. "రేపే వెళ్ళి తెస్తాను."

నేను నర్సుతో సూది తీయించుకుని, దూది నొక్కిపట్టుకుని లేచాను. మా ఆయన వెంట రాబోయారు. "మీరు ఆయన దగ్గరే కూర్చోండి" అన్నాను. ట్రయల్ గది పై అంతస్తులో ఉంది. లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కాను. ఎక్కేసరికి ఆయాసం వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ట్రయల్ చూసే అమ్మాయి కాగితాలన్నీ నాకు చదివి వినిపించింది. పురోహితుడు సంకల్పం చెప్పినట్టు ఎక్కడా ఊపిరి తీసుకోకుండా చదివింది. లాభం కలుగుతుందని హామీ లేదు. ఏ మందు వస్తుందో ముందు తెలియదు. ఎప్పుడు మానేయాలనుకున్నా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఇదంతా ఫోన్‌లో వీడియో తీయాలట, అది రూలట. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం పొంగిపోలేదు. కానీ నా మొహం చూసి మాట్లాడింది. అది కూడా రూలే అయ్యుండొచ్చు.

"మీకు ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా" అంది కెమెరా నా వైపు తిప్పి.

"కొత్త మందులో పస ఉందో లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలుసుకోవడానికి నన్నొక వరసలో నిలబెడతారు. ఏ వరసో నా ఇష్టం కాదు. బాగుపడితే నా అదృష్టం, లేకపోతే మిమ్మల్ని అడగడానికి లేదు. చాలా?"

"చాలండి." తను కాగితం చూసుకుంది. "మిమ్మల్ని ఇందులో చేరమని ఎవరైనా బలవంతం చేశారా?"

"చేరొద్దని చేశారు. చేరమని ఎవరూ చేయలేదు."

అమ్మాయి కాగితం మీద లేదు అన్నచోట టిక్కు పెట్టింది. నేను సంతకం పెట్టాను. దూది జారకుండా మోచెయ్యి ముడుచుకునే పెట్టాను, అందుకే సంతకం బ్యాంకులో ఉన్నట్టు రాలేదు.

కంప్యూటరు ఏం తేల్చిందో తర్వాత వెళ్ళినప్పుడు చెప్పారు. నేనేం దేవతని కాదు. పాత మందు వచ్చినా ఒకటే, కొత్తది వచ్చినా ఒకటే అని ఊరందరికీ చెప్పి, లోపల మాత్రం కొత్తదే రావాలని ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుకున్నాను. పాతదే వచ్చింది. ఆసుపత్రి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నా మందూ, ఆ బల్ల మీద నన్ను నిలదీసినావిడ మందూ ఇప్పుడు ఒకటే. మొహం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. మానేయాలని మాత్రం అనిపించలేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన అడిగితే, "ఏదో ఒకటి వచ్చింది, ఎక్కుతోంది" అన్నాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అన్నయ్య మరో పెట్టె పట్టుకుని హైదరాబాద్ బయల్దేరతాడు. వదిన, "ముందే చెప్పాం కదా" అంటుంది. నేను చెప్పకపోయేసరికి అన్నయ్య తనంతట తనే కొత్త మందు అనుకున్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషి, ఈసారి కుందేలునే మార్చేశాడు. ఎలుకలూ ప్రయోగాలూ అన్న నోటితోనే, "మా చెల్లికి ఇంకా బజారులోకే రాని మందు ఇస్తన్నారండి, అందరికీ ఇవ్వరు" అని భీమవరమంతా చెప్పుకుంటున్నాడని మా వదినే ఫోన్‌లో అంది. ఆవిడ గొంతులో గొప్ప కూడా వినిపించింది. పరువు పోవడానికైనా రావడానికైనా వీళ్ళకి నా కాలేయమే దొరికింది.

మొన్న మందు ఎక్కించుకుని వచ్చి, నోరంతా పూసి, మజ్జిగ కూడా గొంతు దిగకుండా పడుకుని ఉన్నాను. అన్నయ్య ఫోన్ చేశాడు. పక్కన ఎవరో ఉన్నారు. తనతో వ్యాపారం చేసే ఒకాయనట, వాళ్ళావిడకి కూడా నా జబ్బేనట.

"నువ్వు డాక్టరుగారికి ఒక్క మాట చెప్పమ్మా" అన్నాడు. "ఆవిడని కూడా కొత్త మందులోనే వేయమను. మనం చెప్తే కాదనరు కదా. స్పీకర్ పెట్టాను, ఆయన వింటున్నారు."

"అన్నయ్యా, నాకు వచ్చింది పాత మందు" అన్నాను. "మొదటి రోజు నుంచీ అదే ఎక్కుతోంది."

"నిజమేనా?" అన్నాడు అన్నయ్య. గొంతు మారిపోయింది.

"నిజమే. ఎవరు చెప్పినా ఎవరినీ ఎందులోనూ వేయరు. అండీ, మీరు వింటున్నారుగా. ఫోను మీ ఆవిడకి ఇవ్వండి. ఉన్నది ఉన్నట్టు నేను చెప్తాను. చేరతారో, మానతారో ఆవిడే తేల్చుకుంటారు."

"ఆవిడకి ఇంకా ఏమీ తెలీదండి" అన్నాడాయన గొంతు తగ్గించి. "కాలేయం కొంచెం వాచింది, మందులకి తగ్గిపోతుందని చెప్పాం. మీరు డాక్టరుగారితో మాట్లాడితే మిగతాది మేం చూసుకుంటామండి."

"అయితే ముందు ఆవిడకి చెప్పండి. చెప్పాక ఆవిడ చేతే నాకు ఫోన్ చేయించండి" అని పెట్టేశాను.

ఇంతవరకూ ఆ ఫోన్ రాలేదు.